నా చీమలు మరీ తెలివైనవి

మొన్న సంక్రాంతికి పాల్వంచ వెళ్ళా. సెలవు పెట్టినా సరే, లాప్‌టాప్ పక్కన లేకపోతే మనకి ముద్ద దిగదు కదా! అరిసెల డబ్బాకి చీమలు పట్టాయని అమ్మ గోల చేస్తోంది, నాకేమో ఆ బారు చూడగానే చెయ్యి దురద పెట్టింది. కూర్చుని పైథాన్‌లో చీమల ప్రోగ్రాం రాసేశా. వంద లైన్లు కూడా లేవు.

రూల్స్ మూడే. చీమ ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. తిండి దొరికితే దారి పొడుగునా వాసన చల్లుకుంటూ గూటికి పోతుంది. మిగతావి వాసన ఎక్కువున్న వైపు మొగ్గుతాయి. ఆ వాసన కొంచెం కొంచెంగా ఆరిపోతుంటుంది. అంతే, రెండు నిమిషాల్లో తెర మీద చక్కటి బారు. "అచ్చం చీమల్లాగే ఉన్నాయి" అని నాకు నేనే మురిసిపోయి, ఇంటర్ చదివే మేనల్లుడిని పిలిచి చూపించా.

వాడు కాసేపు చూసి, "మావయ్యా, తిండి దొరకంగానే ఇది నేరుగా గూటికి పోతోంది. గూడు ఎక్కడుందో దీనికెట్ల తెలుసు?" అన్నాడు.

తెలియక ఏం చేస్తుంది? గూటి ఎక్స్, వై రెండూ గ్లోబల్ వేరియబుల్స్‌లో పెట్టి ప్రతి చీమకీ ఇచ్చేశాను మరి!

పరువు కాపాడుకోవాలి కాబట్టి సహారా ఎడారి చీమల కథ చెప్పా. అవి వంకరటింకరగా తిరిగి తిరిగి, తిండి దొరకగానే తిన్నగా గూటికి వచ్చేస్తాయి. దిక్కుకి సూర్యుడు, దూరానికి అడుగుల లెక్క. 2006లో శాస్త్రవేత్తలు తిండి దగ్గర వాటి కాళ్ళకి పొయ్‌కాళ్ళు అతికించి వదిలితే గూడు దాటి ముందుకెళ్ళిపోయి వెతుక్కున్నాయి. కాళ్ళు పొట్టి చేసినవి ముందే ఆగిపోయాయి. "సరే, మరి మన చీమలు?" అన్నాడు వాడు. వదలడుగా.

ఇద్దరం తడిగుడ్డ తెచ్చి వంటింటి గట్టు మీద బారుని జానెడు మేర తుడిచాం. చీమలు ఆ అంచు దాకా వచ్చి ఆగిపోయాయి. మీసాలు ఆడించాయి, వెనక్కి తిరిగాయి, ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. కాసేపటికి ఒకటో రెండో ధైర్యం చేసి దాటితే, మెల్లిగా బారు మళ్ళీ కలిసింది. ప్రోగ్రాంలోనూ అంతే మేర వాసన చెరిపేశా. తిండి మోసే చీమలు గమనించను కూడా లేదు, దర్జాగా ఇంటికి పోయాయి.

అసలు దొంగతనం ఇంకోచోట ఉంది. వాసన ఎంత వేగంగా ఆరిపోవాలనే నంబర్ నేనెలా పెట్టానంటారా? బారు అందంగా కనబడేదాకా మార్చుకుంటూ పోయా!

1989లో బ్రస్సెల్స్‌లో గాస్, డెనెబూర్గ్ బృందం అర్జెంటీనా చీమల ముందు రెండు దారుల వంతెన పెట్టింది, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. పొట్టి దారిన పోయినవి ముందు తిరిగొస్తాయి, అక్కడ వాసన ముందు చేరుతుంది, కాసేపటికి అందరూ అటే. ఈ సగం కథ మనలో చాలామందికి తెలుసు. రెండో సగం ఎవరూ చెప్పరు. ముందు పొడుగు దారి ఒక్కటే ఇచ్చి, అరగంట తర్వాత పొట్టిది తెరిస్తే చీమలు చాలావరకు పాత దారినే పట్టుకు వేలాడాయి. వాసన అంత త్వరగా ఆరదు మరి. 1992లో మార్కో డొరిగో మిలాన్‌లో పీహెచ్‌డీ కోసం చీమల పద్ధతిని ట్రావెలింగ్ సేల్స్‌మన్ లెక్కకి వాడినప్పుడు ఆరిపోవడం కావాలనే పెట్టుకున్నాడు. ఆయనకి కావలసింది దారి, చీమ కాదు. తప్పేం లేదు. క్రెయిగ్ రేనాల్డ్స్ 1987లో మూడు రూల్స్‌తో పక్షుల గుంపుని ఎగరేశాడు, అదే పద్ధతి 1992లో బ్యాట్‌మాన్ రిటర్న్స్‌లో గబ్బిలాలకి పనికొచ్చింది. సినిమాలో కంటికి ఆనితే చాలు.

నా గొడవల్లా మనలాంటి వాళ్ళతోనే. డొరిగో చీమని తెచ్చి "నిజం చీమలు ఇంతే" అనేస్తాం. డెమో బాగుంటే మోడల్ కరెక్టే అనుకోవడం మనకి ఆఫీసులో పట్టిన జబ్బు. నన్నడిగితే చూడాల్సింది ప్రోగ్రాం చీమ ఎంత బాగా దారి కనుక్కుందని కాదు, అసలు చీమ తప్పు చేసేచోట అదీ అదే తప్పు చేస్తోందా అని. అర్జెంటీనా చీమల్లా మొండికెయ్యని చీమలూ ఉన్నాయి. యూరప్ నల్లచీమలు దారి తేడాగా పోతోందనిపిస్తే మధ్యలోనే వెనక్కి తిరుగుతాయి, అందుకే బయటపడతాయి. అంటే "చీమ" అని ఒక్క క్లాస్ రాసేస్తే సరిపోదన్నమాట. కిన్నెరసాని దారిలో కనిపించే చెదపుట్టల సంగతైతే తలుచుకోడానికే భయమేసింది.

రాత్రి గ్లోబల్స్ తీసేసి, వాసన ఆరే వేగం తగ్గించి మళ్ళీ నడిపా. బారు అసహ్యంగా వచ్చింది. తిండిని పక్కకి జరిపితే సగం చీమలు ఖాళీ చోటే చుట్టూ తిరుగుతున్నాయి. వంటింట్లోనూ అదే సీను, డబ్బా ఎప్పుడో పైఅరలోకి పోయినా గట్టు మీదికి ఇంకా వస్తూనే ఉన్నాయి.

పొద్దున్న లేచేసరికి అమ్మ పళ్ళెంలో నీళ్ళు పోసి డబ్బా మధ్యలో పెట్టేసింది. నా ప్రోగ్రాంలో నీళ్ళకి రూల్ లేదు.