ప్రీమియం ఒక్కటే చూస్తే చాలదు

కె. కోటపాడులో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే చూపు విశాఖ వైపే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం పేదింటికి కొండంత అండ. అర్హులు ముందు దాన్నే వాడుకోవాలి. ఏ చికిత్స వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర చెబుతారు.

ప్రైవేటు పాలసీ కొనేవారు మాత్రం గది అద్దె పరిమితి తప్పక చూడాలి. రోజుకు 3,000 రూపాయల పరిమితి ఉన్న పాలసీతో 6,000 రూపాయల గదిలో చేరితే, అద్దెలోనే కాదు, డాక్టరు ఫీజు వంటి ఖర్చుల్లోనూ సగం కోత పడొచ్చు. చాలా కుటుంబాలు దెబ్బతినేది ఇక్కడే. షుగరు, బీపీ ఉంటే దాచొద్దు. 2024 నిబంధనల ప్రకారం పాత జబ్బులకు పాలసీ వర్తించేందుకు నిరీక్షణ మూడేళ్లకు మించకూడదు. పాలసీ అందాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కివ్వొచ్చు. ఆలోగా ఇంట్లో చదువుకున్న పిల్లలతో ఆసాంతం చదివించుకోండి.