పేరు అడిగి తీసిన ఫొటో

సియాటిల్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు రెండు చోట్లు కొట్టిన పిండి. ఒకటి, ఐ-5 మీద ఉత్తరంగా వెళ్తే మేరీస్‌విల్ దగ్గర తగిలే అవుట్‌లెట్ మాల్. ఇండియా ప్రయాణం పెట్టుకున్నామంటే సూట్‌కేసులు, బావమరుదులకు చొక్కాలు, పిన్నిగారికి హ్యాండ్‌బ్యాగు అన్నీ అక్కడే. రెండోది, ఏప్రిల్ వచ్చిందంటే స్కాజిట్ లోయలో ట్యులిప్ తోటలు. పట్టుచీరల్లో, లంగా ఓణీల్లో మనవాళ్లు ఆ పూల మధ్య దిగే ఫొటోలతో ఆ నెలంతా వాట్సాప్ గ్రూపులు నిండిపోతాయి.

ఆ మాల్ ఉన్నది ట్యులాలిప్ తెగవారి రిజర్వేషన్ భూమిలో. ట్యులిప్‌లు చూసి టీ తాగడానికి మనం ఆగే లా కానర్ ఊళ్లో కాలవ ఒడ్డున నిలబడి ఎదరకి చూస్తే కనిపించేది స్వినోమిష్ తెగవారి రిజర్వేషన్. బిల్లు కట్టేటప్పుడు గానీ, ఫొటోకి ఫోజు పెట్టేటప్పుడు గానీ ఈ సంగతి మనలో ఎంతమందికి గుర్తుంటుంది?

నేనీ వ్యాసం రాయడానికి కారణమైన ఫొటోగ్రాఫర్ మటీకా విల్బర్ ఈ రెండు తెగలకూ చెందిన మనిషి. ట్యులాలిప్ బడిలో పిల్లలకు పాఠాలు చెప్పారు. తన విద్యార్థులకు చూపిద్దామంటే ఈ కాలపు ఆదివాసుల బొమ్మలు పాఠ్యపుస్తకాల్లో దొరకలేదు. ఉన్నవన్నీ ఈకల కిరీటాలు, గుర్రాలు, నూరేళ్ల నాటి ముఖాలు. అంతకుముందు ఆవిడ దక్షిణ అమెరికాలో అక్కడి ఆదివాసులను ఫొటోలు తీస్తుండగా, చనిపోయిన నాయనమ్మ లారా విల్బర్ కలలో కనిపించి, ఇంటికి పోయి నీవాళ్లను తియ్యి అందట. కలల మీద నాకు పెద్ద నమ్మకం లేదు కానీ, నాయనమ్మల మాట వేరు.

2012లో సియాటిల్‌లోని తన అపార్ట్‌మెంట్‌లో సామానంతా అమ్మేసి, ఇంటర్నెట్ ద్వారా జనం దగ్గర చందాలు పోగుచేసి, కెమెరాతో రోడ్డు పట్టారు. ఆ పథకం పేరు ప్రాజెక్ట్ 562. ఆమె తలపెట్టిన నాటికి అమెరికా ఫెడరల్ ప్రభుత్వం గుర్తించిన తెగల లెక్క అది. తర్వాత ఆ సంఖ్య పెరిగింది, పేరు మాత్రం అలాగే ఉంచేశారు. యాభై రాష్ట్రాలూ తిరిగారు. 2014లో టకోమా ఆర్ట్ మ్యూజియంలో తొలి ప్రదర్శన పెట్టారు. 2023లో ఆ ఫొటోలూ, వాళ్ల మాటలూ కలిపి లావుపాటి పుస్తకంగా వచ్చాయి. మా ఊరి లైబ్రరీలో దొరికింది. మూడు వారాలకని తెచ్చి రెండుసార్లు రెన్యూ చేయించాను.

అందులో నన్ను పట్టుకున్నది ఫొటోల అందం కాదు, తీసిన పద్ధతి. ఎక్కడ నిలబడాలో, ఏం కట్టుకోవాలో ఫొటోలో ఉండే మనిషే తేల్చుకుంటాడు. ఒకరు సముద్రం ఒడ్డు అంటారు, ఇంకొకరు తమ ఇంటి పెరడు అంటారు. ముందు మాట్లాడతారు, ఫొటో తర్వాత. ప్రతి బొమ్మ పక్కనా పేరు ఉంటుంది, తెగ పేరు ఉంటుంది. ఆ తెగ పేరు కూడా తెల్లవాళ్లు పెట్టింది కాకుండా వాళ్ల భాషలో వాళ్లు చెప్పుకునేది. 

ఈ పద్ధతిలో గొప్పేముంది, ఎవరైనా చేసేదేగా అనుకోవచ్చు. అలా చెయ్యకపోవడం ఎలా ఉంటుందో చెప్పే కథ కూడా ఈ సియాటిల్‌లోనే మొదలైంది. 1865లో ఈ పట్టణం ఇండియన్లు ఊళ్లో కాపురం ఉండకూడదని శాసనం చేసింది. ఏ నాయకుడి పేరు ఊరికి పెట్టుకున్నారో, ఆ సియాటిల్ దొర కూతురు కికిసోబ్లు మాత్రం కదలనంటే కదలనని సముద్రం ఒడ్డున గుడిసెలో ఉండిపోయింది. బట్టలుతికి, ఆల్చిప్పలు ఏరుకుని బతికింది. తెల్లవాళ్లు ఆమెను ప్రిన్సెస్ ఏంజెలిన్ అనేవారు. రాజకుమారి అనడానికి డబ్బు ఖర్చు కాదు కదా! ఎడ్వర్డ్ కర్టిస్ అనే స్టూడియో యజమాని ఫొటోకి ఒక డాలరు చొప్పున ఇచ్చి ఆమెను కెమెరా ముందు కూర్చోబెట్టాడు. 1896లో ఆమె చనిపోయింది. కర్టిస్ మాత్రం అక్కణ్ణుంచి దేశమంతా తిరిగి, 1906లో బ్యాంకర్ జె.పి.మోర్గాన్ నుంచి 75,000 డాలర్ల సాయం పొంది, 1907 నుంచి 1930 వరకు 20 సంపుటాలు అచ్చు వేశాడు. 40,000కు పైగా ఫొటోలు తీశాడు.

కర్టిస్ దొంగ కాదు. ఆయన ఫొటోల్లో ముత్తాతలను గుర్తుపట్టి కళ్లు చెమర్చిన కుటుంబాలున్నాయి. అయితే ఆయన మనసులో ముందే ఒక తీర్పు ఉంది: ఈ జాతి అంతరించిపోతోంది. అంతరించే జాతి ఎలా కనపడాలో కూడా ఆయనే నిర్ణయించాడు. 1910 నాటి ఒక ఫొటోలో పీగన్ తెగవారి గుడారంలో తండ్రీకొడుకులు కూర్చుని ఉంటారు, వాళ్ల మధ్య నేల మీద ఒక గడియారం. పుస్తకంలో అచ్చయిన బొమ్మలో ఆ గడియారం లేదు, చెరిపేశారు. టైము చూసుకునే ఆదివాసి ఆ కథలో ఇమడడు మరి. మనం ఫొటోషాప్ కనిపెట్టామని అనుకుంటున్నాం!

మటీకా విల్బర్ ఫొటోల్లో ఆ గడియారం తిరిగి వచ్చింది. అంటే, అందులో టీచర్లున్నారు, చేపలు పట్టేవాళ్లున్నారు, చదువుకునే పిల్లలున్నారు, ఉద్యమాల్లో తిరిగేవాళ్లున్నారు. ఎవరూ అంతరించలేదు. మనకు అవుట్‌లెట్ మాల్‌లో ఎదురుపడుతూనే ఉన్నారు.

ఇప్పుడు మన సంగతి. ఎవరైనా అమెరికన్ మనల్ని మీరెవరని అడిగితే "ఇండియన్" అంటాం. అతను కాస్త తికమక పడితే వెంటనే నుదురు చూపించి "ఈక ఇండియన్ కాదు, బొట్టు ఇండియన్" అని నవ్వేస్తాం. ఈ జోకు నేను కనీసం ఇరవై తెలుగు పార్టీల్లో విన్నాను. తమది కాని పేరును కొలంబస్ పొరపాటు వల్ల అయిదు శతాబ్దాలుగా మోస్తున్న మనుషులను ఒక్క ఈకకు కుదించేసి, మన హెచ్1బీ గుంపు వేరని చెప్పుకోవడం అది. మన సాంస్కృతిక కార్యక్రమాల్లో పిల్లల చేత వేయించే "కోయ డాన్సు" ఇంకొకటి. ఆకులు, పూసలు, ముఖాన రంగు, అర్థంలేని కేకలు. ఆ నాట్యం కోయలు ఎప్పుడూ చెయ్యలేదు, మన సినిమావాళ్లు చేశారు. బడిలో థాంక్స్‌గివింగ్‌కి పిల్లల తలకి కాగితం ఈకలు కడితే తప్పని ఇప్పుడిప్పుడే తెలుసుకుంటున్న మనం, వారాంతంలో తెలుగు సంఘం స్టేజీ మీద అదే పని చేయిస్తున్నాం.

ఆ పుస్తకం చదివాక నేను మా ఇంటి ఫొటోల వైపు చూశాను. అమ్మ వాళ్ల నాన్న 1960లలో కృష్ణా జిల్లా నుంచి భద్రాచలం ఏజెన్సీకి వెళ్లి పొగాకు, మిరప వేశారు. ఆ డబ్బుతోనే అమ్మ చదివింది, అమ్మ ఉద్యోగంతో నేను ఎమ్మెస్‌కి వచ్చాను. ఆ కాలపు ఫొటో ఒకటుంది. తాతయ్య కుర్చీలో, పంచె, భుజం మీద కండువా. పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి. అతనెవరని ఫోన్లో అడిగాను.

"వాడా? మన పాలేరు రా, కోయవాడు."

"పేరు?"

"ఏదో ఉండాలి... సోమయ్యో, జోగయ్యో. తాతయ్యకి తెలుసు. ఇప్పుడెందుకురా నీకవన్నీ?"

తాతయ్య పోయి పదిహేనేళ్లు. ఆ భూమి అంతకుముందు ఎవరిదని అడిగితే అమ్మ విసుక్కుంది. అడిగే ప్రశ్నే అది, ఎందుకంటే ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనేతరుల చేతికి భూమి పోకూడదని 1959లోనే నిబంధన వచ్చింది. 1970లో దాన్ని ఇంకా బిగించారు, మన ప్రాంతంలో అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది దాన్నే. అయినా భూములు చేతులు మారాయి. అప్పు కింద, కౌలు పేరుతో, బినామీ కాగితాల మీద. అమెరికాలో ఇదే పని చట్టబద్ధంగా జరిగింది. 1887 నాటి డాస్ చట్టం తెగల ఉమ్మడి భూములను మనిషికింత అని పంచి, మిగులు తేల్చి, అమ్మకానికి దారి తెరిచింది. 13.8 కోట్ల ఎకరాలు 1934 నాటికి 4.8 కోట్లకు దిగాయి. ఒకచోట చట్టం ప్రకారం, మరోచోట చట్టాన్ని దాటుకుని. మనలో ఖమ్మం, తూర్పుగోదావరి, ఆదిలాబాద్ ఏజెన్సీ అంచుల్లో పుట్టిన ఇంజనీర్లు తక్కువేం లేరు. మన చదువుల ఖర్చుల చిట్టా ఎక్కడ మొదలైందో అడిగిచూడండి.

మన ఆదివాసులకూ ఒక కెమెరా దొర ఉన్నాడు, కర్టిస్ కంటే చాలా మెరుగైనవాడు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం కాల్పుల్లో చనిపోయాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమన్‌డార్ఫ్‌ను అడిగింది. ఆయన చెంచుల మీద, కొండరెడ్ల మీద, రాజగోండుల మీద పుస్తకాలు రాశాడు, వేల ఫొటోలు తీశాడు, గోండులకు భూమి పట్టాలు రావడానికి పాటుపడ్డాడు. 1987లో చనిపోయిన ఆయన భార్య సమాధి మార్లవాయిలోనే ఉంది, ఇప్పటికీ ఊరివాళ్లు దండం పెడతారు. ఇంత మంచివాడు తీసిన ఫొటోలు కూడా చివరికి చేరింది లండన్‌లోని సోయాస్ కాలేజీకే. మార్లవాయిలో ఒక గోండు అవ్వ తన నాన్న ముఖం చూసుకోవాలంటే దారి లండన్ మీదుగా!

ఈ విషయం ఒక రాజకీయ వేదిక మీద ఎందుకు రాస్తున్నానంటే పోలవరం కోసం. 2014లో అది జాతీయ ప్రాజెక్టు అయింది. దానికోసం ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు ఆంధ్రకు మారాయి. అప్పటి నుంచి మన చర్చల్లో టీఎంసీలున్నాయి, అంచనాల సవరింపులున్నాయి, కాంట్రాక్టరు ఎవరన్న తగాదా ఉంది, ఏ పార్టీ ఎంత పని చేసిందన్న లెక్కలున్నాయి. కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరం, వరరామచంద్రపురం మండలాల్లో మునిగే కోయల ఊళ్ల పేర్లు, కొండరెడ్ల ఊళ్ల పేర్లు మనలో ఒక్కరైనా అయిదు చెప్పగలరా? పాపికొండల లాంచీ ఎక్కినప్పుడు పేరంటాలపల్లిలో దిగి, వెదురు బొమ్మ బేరమాడి, అమ్మే ఆవిడతో సెల్ఫీ తీసుకుంటాం. ఆవిడ పేరు అడగం.

ఆనకట్ట వద్దనే వాదన నాది కాదు. గోదావరి నీళ్ల అవసరం నాకూ తెలుసు, డెల్టా రైతుల చుట్టరికమూ ఉంది. కానీ మునిగినచోట ఏమవుతుందో ఇక్కడ కొలంబియా నది చెబుతుంది. సెలైలో జలపాతం దగ్గర వేల ఏళ్లుగా ఎన్నో తెగలు సాల్మన్ పట్టేవి, పెళ్లిళ్లు కుదుర్చుకునేవి, సంత పెట్టుకునేవి. 1957 మార్చి 10న ద డాల్స్ డ్యామ్ గేట్లు దించితే కొన్ని గంటల్లో జలపాతం నీళ్ల కింద పడింది. ఆ డాల్స్ ఊళ్లోనే 2006లో గూగుల్ డేటా సెంటర్ తెరిచింది. అలాంటివాటిని ఆ నది ఒడ్డుకు రప్పించేది అక్కడి జలవిద్యుత్తే. మనం వెతికే ప్రతి సినిమా పాటలోనూ ఆ జలపాతం వాటా కొంత ఉందన్నమాట. ఆ చోటు ఎలా ఉండేదో ఈనాటి పిల్లలకు చూపించడానికి వాళ్ల పెద్దల జ్ఞాపకాలు, పాత ఫొటోలు తప్ప మరేం లేవు.

"1855లో ఒప్పందం రాయించుకుని వీళ్ల భూములు లాక్కున్నది మన తాతలు కాదుగా, మనకెందుకీ గొడవ" అని ఒక మిత్రుడు అన్నాడు. ఇక్కడ కాదు, నిజమే. అక్కడ సంగతేమిటి?

మన వేదికకు నా ప్రతిపాదన ఇది. ఈసారి సావనీరుకూ, సినిమా అతిథి బిజినెస్ క్లాస్ టికెట్‌కూ పెట్టే డబ్బులో కొంత పక్కన పెడదాం. ముంపు మండలాల్లోని కోయ, కొండరెడ్డి యువతకు కెమెరాలు, హార్డ్‌డిస్కులు, ఒక ఏడాది జీతం ఇద్దాం. మనలో ఎవరూ కెమెరా పట్టుకుని అక్కడికి వెళ్లవద్దు. ఏ ఇల్లు, ఏ చెట్టు, ఏ దేవర గద్దె తియ్యాలో వాళ్లే చెబుతారు. కొన్ని ఊళ్లు ఇప్పటికే ఖాళీ అయిపోయాయి కాబట్టి పునరావాస కాలనీల నుంచే మొదలుపెట్టాలి, ముసలివాళ్లతో ముందు. ఫొటోల మీద హక్కు వాళ్లది, అసలు ప్రతి వాళ్ల దగ్గరే ఉంటుంది. మన దగ్గర ఉండేది బ్యాకప్ మాత్రమే, అదీ వాళ్లు ఒప్పుకుంటే. సర్వర్ పని, డేటాబేస్ పని నేను చేస్తాను. వాళ్లు ఒప్పుకున్న మనిషి ఫొటో ఎక్కించేటప్పుడు పేరు గడి ఖాళీగా వదిలేస్తే రికార్డు సేవ్ కాకుండా చూసే పూచీ నాది.