సువర్ణరేఖ నీళ్ళలో ఒడ్డువాళ్ళ వాటా రాసిపెట్టండి

ఝార్ఖండ్ జల వనరుల శాఖ మంత్రి గారికి,



నేను జంషెడ్‌పూర్ తెలుగువాణ్ణి. కర్మాగారంలో పని కోసం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు మావి. ఈ పట్టణానికి నీళ్ళు కావాలన్నప్పుడల్లా ఎగువన ఎవరో ఊరు వదిలారు. వాళ్ళ తరఫున ఒక మాట అడగడానికే ఈ ఉత్తరం.

నది ఒడ్డున భూమి ఉన్న రైతుకు ఆ నీళ్ళ మీద హక్కుందా? ఉందనే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం చెప్పింది. తాగడానికి, ఇంటి వాడకానికి, పశువులకు, పొలానికి నీళ్ళు తీసుకోవచ్చు. అలాగే ఒడ్డున ఉన్న తోటి రైతుకు మాత్రం చెప్పుకోదగ్గ నష్టం కలగకూడదు. అయితే నదుల నీటిని నిలిపి పంచే ప్రభుత్వ అధికారాన్ని ఆ చట్టమే కాపాడింది. పైగా అప్పట్లో అది మద్రాసు రాజధానికి వర్తించింది గానీ, మా జంషెడ్‌పూర్ ప్రాంతమైన సింగ్‌భూమ్ ఉన్న బెంగాల్‌కు వర్తించలేదు.

ఆ మద్రాసు రాజధానిలోనే ఉన్న మా శ్రీకాకుళంలో ఈ నీళ్ళ తగువు లండన్ దాకా వెళ్ళింది. వంశధార కాలువల నుంచి తీసుకునే నీళ్ళకు 1865 చట్టం కింద ప్రభుత్వం అదనపు తీరువా అడిగితే, ఉర్లాం జమీందారు ఎదురు తిరిగాడు. 1917లో ప్రివీ కౌన్సిల్ ఆయన పక్షానే తీర్పిచ్చింది. శాశ్వత శిస్తు నిర్ణయం నాటికే ఉన్న కాలువల నీళ్ళు ఆ ఒప్పందంలో భాగమే కనుక, సాగు పెరిగిందని మళ్ళీ పన్ను వేయకూడదంది. ఆయన గెలవడానికి న్యాయం ఒక్కటే చాల్లేదు. చేతిలో కాగితం ఉంది, లండన్‌లో వాదించే వకీళ్ళున్నారు.

సువర్ణరేఖ మీద కట్టిన చాండిల్ ఆనకట్ట కింద భూమి పోయిన ఆదివాసీ రైతుకు ఆ రెండూ లేవు. 1978లో అప్పటి ఉమ్మడి బిహార్, ఒడిశా, పశ్చిమ బెంగాల్ సువర్ణరేఖ నీళ్ళు పంచుకుంటూ ఒప్పందం రాసుకున్నాయి. మూడు ప్రభుత్వాల వాటాలు అందులో ఉన్నాయి. జంషెడ్‌పూర్ పరిశ్రమలకు, పట్టణానికి నీళ్ళివ్వడం సువర్ణరేఖ ప్రాజెక్టు లక్ష్యాల్లో చేరింది. పొలాలు ముంపులో పోగొట్టుకున్నవాళ్ళకు నీళ్ళలో వాటా ఎంతో ఎవరూ రాయలేదు. ముంపు ప్రభావం పడ్డ ఊళ్ళు 116. నేటికీ వానాకాలంలో జలాశయం మట్టం పెరిగితే ఇళ్ళలోకి నీళ్ళొస్తాయి, గేట్లు ఎత్తమని నిర్వాసితులు ధర్నాకు కూర్చుంటారు. ఖర్కాయి నది మీద ఈచా ఆనకట్టను అక్కడి జనం దశాబ్దాలుగా వద్దంటున్నారంటే, చాండిల్‌ను కళ్ళారా చూశారు కాబట్టే.

2013 భూసేకరణ చట్టం సాగునీటి ప్రాజెక్టుల్లో ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి చేయాలంటుంది. జలాశయంలో చేపల వేట హక్కు నిర్వాసితులకు ఇవ్వవచ్చంటుంది. చాండిల్ ముంపు అంతకు చాలా ముందే జరిగిపోయిందని అధికారులు అనవచ్చు. నిజమే. కానీ నదులను ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్తగా మాత్రమే చూసుకుంటుందని కమల్‌నాథ్ కేసులో 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ధర్మకర్త లెక్క చూపించాలి గదా.

అందుకే అడుగుతున్నాను. చాండిల్ నీళ్ళలో ఏ పరిశ్రమకు ఎంత, ఏ పట్టణానికి ఎంత, ఏ పొలానికి ఎంత ఇస్తున్నారో ఒక్క పత్రంలో బయటపెట్టండి. అందులో ఒడ్డు ఊళ్ళకు, నిర్వాసిత గ్రామాలకు తాగునీటి వాటా మొదటి వరుసలో రాయండి. పరిహారం పూర్తిగా అందని ఊళ్ళలోకి నీళ్ళు చేరకుండా జలాశయం మట్టానికి హద్దు పెట్టండి. పరిశ్రమల నుంచి వచ్చే నీటి పన్నులో కొంత ఆ గ్రామసభల చేతికివ్వండి.

ఆ పత్రం వచ్చే వానలకు ముందే చాండిల్, ఈచాగఢ్ పంచాయతీ కార్యాలయాల గోడల మీద కనిపించాలి. హిందీలోనే కాదు, బెంగాలీలో, సంతాలీలో కూడా. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, మీ సంతకం చాలు.

ఇట్లు,
జంషెడ్‌పూర్ నివాసి