సూచన చాలదు, నిబంధన కావాలి
వేల్స్ రగ్బీ జట్టుకు 33 టెస్టుల్లో సారథ్యం వహించి, 2008లో గ్రాండ్‌స్లామ్ అందించిన ర్యాన్ జోన్స్ 41 ఏళ్ల వయసుకే తనకు డిమెన్షియా ఉందని వెల్లడించారు. ఆటలో తలకు తగిలిన దెబ్బలే ఇలాంటి జబ్బులకు కారణమంటూ రగ్బీ సంఘాలపై మాజీ ఆటగాళ్లు వేసిన దావాలో న్యాయస్థానం ఏం తేల్చినా, అంతవరకూ ఆ సంఘాలు చేతులు ముడుచుకుని కూర్చోవడం తగదు. స్పృహ తప్పించని చిన్న దెబ్బలు సైతం తలకు పదేపదే తగిలితే మెదడుకు చేటే; అవి మ్యాచ్‌లోనే కాదు, సాధనలోనూ పేరుకుంటాయి. ఆటగాళ్లు పూర్తి బలంతో ఢీకొనే సాధన వారానికి 15 నిమిషాలు మించరాదని వరల్డ్ రగ్బీ 2021లో చెప్పింది గానీ, సూచనతోనే సరిపెట్టింది. దాన్ని నిబంధనగా మార్చి, మీరిన క్లబ్బులకు పాయింట్లలో కోత వేయాలి. నొప్పిని దాచుకుని ఆడటాన్ని నాయకత్వమని కీర్తించి లాభపడినవారే, రిటైరైన ఆటగాళ్ల వైద్య పరీక్షలకూ జీవితకాల సంరక్షణకూ అయ్యే ఖర్చును భరించాలి.