గృహనిర్వహణము: నీలమా? మబ్బువన్నెయా?

గోడలకు రంగు వేయించుట యనగా మన పెద్దల కాలమున సున్నము తడిపి, అందు గుప్పెడు నీలిమందు కలిపి, వెల్ల వేయించుటయే. ఎంత మందు వేసిన నంత నీలము. అది నీలిచెట్టునుండి తీసినది కాదు. అల్ట్రామెరీన్ అను వర్ణపదార్థము. పూర్వము ఆఫ్గనిస్థానపు రాజావర్తశిలను నూరి దీనిని తీయుచుండుటచే బంగారముతో సమానమైన వెల పలికెడిది. ఫ్రాన్సుదేశీయుడగు గిమె దీనిని కృత్రిమముగా చేయు విధమును కనుగొని 1828లో బహుమాన మందెను. ఆ పిదపనే యిది సామాన్యుల గోడలకు చేరినది. సున్నపు క్షారమునకు చెడనిదగుటచే వెల్లవేయు వారికి నచ్చినది. ప్రష్యన్ నీలమైనచో సున్నములో విఱిగిపోవును.

నేడు రంగుల దుకాణమునకు పోయి నీలము కావలె నన్నచో, వర్తకుడు విసనకఱ్ఱవలె విచ్చుకొను రంగుచీట్ల కట్ట నొకదానిని మన చేతి కిచ్చును. ఆకాశనీలము మొదలు పావురపు మెడవన్నె, మబ్బువన్నె, బూడిదనీలము వఱకు పదులకొలది భేదములు. ఒక్కొక్కదానికి నొక్కొక్క ముద్దుపేరు. రెండింటిని ప్రక్కప్రక్కను బెట్టిన భేదము తెలియును, విడదీసిన నేది యేదో తెలియదు. దుకాణమున నీలముగా తోచినది యింట బూడిద యగును. బూడిదగా నుండునని కొన్నది పాఠశాల గోడవలె నీలమై కూర్చుండును.

బూడిదనీల మనగా నీలమున కొంత నలుపును, ఒక్కొక్కప్పు డించుక పసుపుమన్నో యెఱ్ఱమన్నో కలిపి తేటదనమును తగ్గించినది. ఈ కలిపిన చాయ చీటిమీద దాగియుండి గోడమీద బయటపడును. పసుపు కలిసినది పచ్చదనమునకును, ఎఱుపు కలిసినది వంగపండు చాయకును తిరుగును. కనిపెట్టు నుపాయము సులభమే. చేతనున్న చీటిని తెల్లకాగితముపై నుంచి, కట్టలోని మిక్కిలి శుద్ధమైన నీలపుచీటిని దాని ప్రక్కను బెట్టుడు. దాగిన చాయ తనంతట బయటికి వచ్చును.

ప్రక్కనున్న రంగు చేయు మాయయు నింతింత కాదు. పారిస్ నగరమందలి గోబ్లె నేతశాలలో అద్దకముల నధికరించిన షెవ్రోల్ అను రసాయనశాస్త్రజ్ఞునకు, అచ్చటి నల్లదారము నల్లగా లేదని ఫిర్యాదులు వచ్చెను. పరీక్షింపగా దారమున లోపము లేదు. చెంతనున్న రంగులే దానిని మార్చి చూపుచుండెను. ఆయన 1839లో ప్రకటించిన గ్రంథమునకు మూల మిదియే. చీర కంచు నెన్నుకొను స్త్రీలకు మాత్ర మిది క్రొత్త సంగతి కాదు. తాండూరు పసుపుబండలు పఱచిన గదిలో బూడిదనీలము చక్కని నీలముగా తేలును. తాండూరు నీలిబండలు పఱచిన గదిలో నదే రంగు ఒట్టి బూడిదగా దిగబడును. కావున రంగు నెన్నుకొనుటకు ముందు నేలను చూడవలెను.

ఇక వెలుతురు. చీరల దుకాణమున మనము చీరను పట్టుకొని గుమ్మము వఱకు పోయి పగటివెలుతురున చూచుకొనుట లేదా? ఆ శ్రద్ధ యేండ్లకొలది చూడవలసిన గోడపట్ల లేకుండుట వింతయే. ఉత్తరపు కిటికీనుండి వచ్చు వెలుతురు చాలవఱకు ఆకాశమునుండి దిగునది గాన నీలపుచాయ కలది. అందు బూడిదనీలము దిగులుగా తోచవచ్చును. ఉత్తరపు గదికి ఎండయే రాదని పాశ్చాత్యుల పుస్తకములలో వ్రాసియుండును. అది వారి దేశమునకు సరి. మన విజయవాడ 16½ డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. మే రెండవ వారము మొదలు జూలై చివర వఱకు మధ్యాహ్నసూర్యుడు మన కుత్తరముననే యుండును. కావున జ్యేష్ఠమున చూచి మెచ్చిన రంగు మార్గశిరమున వేఱుగా కనబడిన నాశ్చర్యము లేదు. రాత్రివేళ 2700 కెల్విను పసుపుదీపము క్రింద నీలము చచ్చిపోవును. 6500 కెల్విను తెల్లదీపము క్రింద విజృంభించును. ఈ అంకము దీపపు పెట్టెమీదనే అచ్చువేసియుండును.

మాకు వచ్చిన జాబులలో గుంటూరు జిల్లానుండి యొక సోదరి వ్రాసినది మమ్ము మిక్కిలి ఆలోచింపజేసినది. అత్తగారి గదికొఱకు ఆమె రెండు చీట్లు తెచ్చినదట: ఒకటి లేతనీలము, ఒకటి బూడిదనీలము. అత్తగారు రెండింటిని చూచి, “రెండును బూడిదయే. బ్రతికియుండగానే నా గదికి బూడిద పూయుదువా?” అనిరట. కోడలు భేదమును విడమఱచి చెప్పబోగా, “నా కండ్లు పోలేదులే” యని ముఖము త్రిప్పుకొనిరట. నాటినుండి యిరువురకు మాటలు లేవు. కావలెనని మొండికెత్తుచున్నారా యని సోదరి ప్రశ్న.

మొండితనము కాదమ్మా. ఆమె తనకు కనబడినదే చెప్పినది. వయస్సు మీఱినకొలది కంటిలోని కటకము పసుపువాఱును. ఆ పసుపు నీలికిరణములను చాలవఱకు అడ్డగించును. శుక్లము ముదిరినచో నిది మఱింత హెచ్చును. మార్పు ఏండ్ల తరబడి మెల్లగా వచ్చునది గాన మనస్సు దాని కలవాటుపడిపోవును. తెల్లచీర వారికి తెల్లగానే తోచును. లేతనీలమునకును బూడిదకును గల సన్నని భేదము మాత్రము చెఱిగిపోవును. రంగులే జీవితముగా బ్రతికిన ఫ్రెంచి చిత్రకారుడు క్లాద్ మొనే సయితము 1923లో శుక్లమునకు శస్త్రచికిత్స చేయించుకొనిన పిదప లోక మతినీలముగా కనబడుచున్నదని వాపోయెను.

కావున మొట్టమొదట చేయవలసినది రంగు కొనుట కాదు, అత్తగారిని కంటివైద్యునకు చూపుట. శస్త్రచికిత్స కావలె నన్నచో గోడపనిని అంతవఱకు నాపుడు. పిదప ఆ చీట్లనే మరల చూపినచో ఆమె మాట మాఱవచ్చును. చికిత్స యిప్పట్లో లేదన్నచో లేతనీలమును విడిచి రెండుమెట్లు ముదురైన, తేటయైన నీలమును చూపుడు. లేదా లేతగులాబి, ఇటుకచాయ వంటివి చూపుడు. లేతపసుపు వలదు, అదియు వారి కంటికి తెలుపుతో కలిసిపోవును.

అంతకన్న ముఖ్య మొకటి కలదు. వృద్ధుల గదిలో గోడయు నేలయు తలుపు చట్టమును ఒకే లేత బూడిదచాయలో నుండరాదు. రాత్రి లేచినపుడు గోడ యెక్కడ ముగిసెనో, గుమ్మ మెక్కడనో తెలియక పడినచో తుంటియెముక విఱుగును. చట్టమును, మీటల పలకను గోడకు భిన్నమైన ముదురురంగున నుంచుడు. రంగు ఎంత కాంతిని తిరిగి పంపునో తెలుపు అంకమును కొన్ని కంపెనీలవారు చీటి వెనుక వేయుదురు. నలుపు 0, తెలుపు 100. గోడకును చట్టమునకును 30 అయినను ఎడముండుట మేలని కట్టడపు శిల్పులు చెప్పుదురు.

మాటలు మానిన సంగతికి మాత్రము రంగుచీట్లు పనికిరావు. భేదము విడమఱచుట మాని, “మీ కేది హాయిగా నున్న దత్తయ్యా?” యని యడిగి చూడవలెను. ఆ గదిలో పగలును రాత్రియు గడపునది ఆమెయే గదా. పైగా బూడిద యను మాటయే వారికి అశుభముగా వినిపించియుండును. మబ్బువన్నె యన్నచో వినియుండెడివారేమో!

ఎన్నుకొనిన పిదప చిన్నడబ్బాలు కొని, రెండడుగుల తెల్లని అట్టలకు రెండేసి పూతలు వేయించి, గోడకు నిలువుగా ఆనించి మూడునాళ్ళు చూడుడు. పాతరంగు గోడమీదనే మచ్చలుగా పూసి చూచుట మాకు సమ్మతము కాదు. పాతరంగు క్రొత్తదానిని చెఱుపును. సున్నము తడిగా నున్నపుడు ముదురుగా నుండి ఆరినపుడు తేలును. నేటి ఎమల్షనులు సాధారణముగా ఆరిన పిమ్మట ఇంచుక ముదురును. కావున తడిపూతను చూచి మేస్త్రీతో వాదింపకుడు. నాలుగు గోడలకును వేసినపుడు ఒకదాని చాయ యొకదానిపై బడి చీటికన్న ముదురుగా తోచుట సహజము. రెండింటి నడుమ సందేహము తీరనిచో లేతదానినే తీసికొనుడు.

డబ్బాలన్నిటిపైని తయారీసంఖ్య యొకటిగా నున్నదో లేదో చూచుకొనుడు. వేఱువేఱైనచో అన్నిటిని పెద్ద బకెట్టున కలిపిన పిదపనే కుంచె ముంచనీయవలెను. రంగుసంఖ్యను బీరువా తలుపు లోపలివైపున పెన్సిలుతో వ్రాసియుంచినచో, మేకు కొట్టి పెచ్చూడిన దినమున దుకాణములో మరల చీట్లు వెదకు పని తప్పును.