హెచ్చరికయు ఎగుమతియు

కరవు ఒక్క దినమున వచ్చునది కాదు. చెరువులు అడుగంటుట, పశువులను చవుకగా అమ్ముకొనుట, అంగడిలో గింజల ధర పెరుగుట, ఇవి యన్నియు దాని రాకను ముందుగనే చాటును. ఈ గుర్తులను ఒకచోట చేర్చి లెక్కకట్టుటకై, ఇథియోపియా కరవును చూచి 1985లో అమెరికా ప్రభుత్వమువారు ఒక యేర్పాటును, ధాన్యపు ధరలు మిన్నంటిన పిమ్మట 2011లో జి-20 దేశములవారు మరియొకదానిని నెలకొల్పిరి. మంచి పనియే. అయితే హెచ్చరిక విన్న ప్రభుత్వములు తరచుగా మొదట చేయు పని యేమి? తమ రేవులను మూసికొనుట!

2023వ సంవత్సరమును చూడుడు. జూన్ నెలలో వానలు ఆలస్యమైనవి. ఎల్ నినో భయమును కలిగెను. జూలై 20వ తేదీన కేంద్ర ప్రభుత్వము బాస్మతి కాని తెల్లబియ్యపు ఎగుమతిని నిషేధించెను. ఆ వార్త విని అమెరికాలోని మన తెలుగువారు సోనామసూరి సంచులకై అంగళ్లయెదుట బారులు తీరిరి. నవ్వువారు నవ్వవచ్చును గాని, బియ్యము దొరకదన్న భయము ఎంతటివానినైనను వరుసలో నిలుపును. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యముపై నూటికి 20 వంతున సుంకము పడెను. మన జిల్లాలకు ఇది చిన్నమాట కాదు. యాసంగి వడ్లు ఎండల తీవ్రతచే మరలో నూకలగును గనుక, మన మిల్లులవారు వానిని ఉడికించి ఆడింతురు. నిషేధము 2024 సెప్టెంబరు వరకు, సుంకము అక్టోబరు వరకు నిలిచెను.

కొనితినువారికి ధర పెరుగకుండుట మేలే. దానిని మేము కాదనము. కాని నాడు భారత ఆహార సంస్థ గిడ్డంగులలో నియమితమైన నిలువకు మించియే బియ్యముండెను. పైగా నారు పోసిన పిదప వచ్చిన ఆజ్ఞ రైతున కేమి తెలుపును? జనగామ మార్కెట్టుకు వడ్లు తెచ్చువాడు ఏ పంట వేయవలెనో విత్తుటకు ముందే నిర్ణయించుకొనవలెను గదా.

వాన లేదని రేవులు మూసిన వారమునకే, జూలై 27న, భూపాలపల్లి జిల్లా చిట్యాలలో ఒక్క దినమున 60 సెంటీమీటర్లకు మించి కురిసెను. వాతావరణశాఖవారు ఎర్ర హెచ్చరిక ఇచ్చియే యుండిరి. అయినను మోరంచపల్లివారు ఇండ్లపైకెక్కి ప్రాణములు దక్కించుకొనవలసివచ్చెను. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాదు జిల్లా కేసముద్రము దగ్గర రైలుకట్టయే కొట్టుకొనిపోయెను.

కావున మేము కోరునవి రెండు. నిలువ యింతకు తగ్గినచో ఎగుమతిపై ఇంత సుంకమని ప్రభుత్వము ఏరువాకకు ముందే ప్రకటింపవలెను. వాతావరణశాఖవారి మాట ఊరూర దండోరా వేయింపవలెను. ఈ రెండవదానికి పాఠశాలలును తోడ్పడగలవు: ఉదయపు ప్రార్థనానంతరము ఒక విద్యార్థిచే దానిని చదివించినచో, సాయంకాలమునకు ప్రతి యింటికిని చేరును.