అలిగిన బతుకమ్మకి ‘డే 6’ అని పేరా?

మా బీరంగూడ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో బతుకమ్మ షెడ్యూల్ ఇలా ఉంటుంది: డే 1, డే 2... డే 6 పక్కన ‘నో ప్రసాదం’. సమాచారం కరెక్టే. కానీ ఆ ఆరో రోజుకి అలిగిన బతుకమ్మ అని పేరుంది. అమ్మవారు అలిగింది కాబట్టి ఆ రోజు నైవేద్యం పెట్టరు. ఇంట్లో మనిషిలా దేవత కూడా అలగొచ్చు అని మనవాళ్లు ఒప్పుకున్నారు, అదీ సంగతి. ‘నో ప్రసాదం’లో ఆ అలక ఏది?

మిగతా రోజుల పేర్లు చూడండి. ఎంగిలిపూలతో మొదలై అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల, వేపకాయల, వెన్నముద్దల. వంటింటి మెనూనే! (వేపకాయలంటే భయపడకండి, ఆ ఆకారంలో చేసే పిండివంట.) తొమ్మిదోది సద్దుల బతుకమ్మ. సద్ది అంటే పొలానికి కట్టుకెళ్లే అన్నం, మన లంచ్‌బాక్స్‌కి పెద్దమ్మ. గ్రూపులో ఈ పేర్లే పెడితే శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చిన పక్కింటివాళ్లు “ఎందుకలిగింది?” అని అడుగుతారు. అడగనీయండి, ఒక్కో ఇంట్లో ఒక్కో కథ చెప్తారు.

2014లో ఇది రాష్ట్ర పండుగ అయింది. 2018 చట్టంతో బడుల్లో తెలుగు తప్పనిసరి అయింది. రెండూ మంచివే. అయితే గునుగు అనే మాట పుస్తకంలో ఉంటే చాలదు, చేన్లో కూడా ఉండాలి. ఇక్కడ చేలు వెంచర్లయ్యాయి. గునుగు, తంగేడు ఇప్పుడు మార్కెట్లో కట్టల లెక్కన కొంటున్నాం. పిల్లలకి అది ‘వైట్ ఫ్లవర్’. అమ్మే అవ్వనడిగితే మాత్రం పూవు పేరే కాదు, ఏ ఊరి చేన్లో కోసిందో కూడా చెప్తది.